తలుపు ఎవరు తీశారు?

ఈ మధ్య మా కళాశాల విద్యార్థుల గోష్ఠిలో యుగోస్లావియా విచ్ఛిన్నాన్ని గురించి చర్చ జరిగింది. కొసొవో ప్రస్తావన వచ్చినప్పుడు ఒక విద్యార్థిని లేచి, దెచానీ మఠంలోని సెర్బు సన్యాసులు 1999లో తమ జాతివారు కాని అల్బేనియన్లకు ఆశ్రయమిచ్చిన సంగతి చెప్పింది. ఆమె కూర్చున్నదో లేదో రెండు వైపుల నుంచి రెండు వాదాలు లేచాయి. "చూశారా, జాతివైరాన్ని ఆపగలిగేది ఆధ్యాత్మికత ఒక్కటే గాని మీ వర్గపోరాటం కాదు" అన్నారు ఒకరు. "మఠాలు భూస్వామ్య వ్యవస్థ శిథిలాలు. నలుగురు సన్యాసుల జాలిగుండెను మనం చాటింపు వెయ్యడమంటే మతానికి ఊడిగం చెయ్యడమే" అన్నారు మరొకరు. ఈ రెండవవారు మన మిత్రులు. కాబట్టి నా జగడం ముఖ్యంగా వారితోనే.

ఒక వాస్తవం ఎదుటి పక్షానికి ఉపయోగపడుతుందేమోనని దాన్ని దాచిపెట్టేవాడు భౌతికవాది కాడు. వాస్తవాన్ని చూసి జంకే సిద్ధాంతాన్ని శాస్త్రీయమని మనం ఏ ముఖంతో విద్యార్థులకు బోధిస్తాం? దెచానీలో జరిగినదాన్ని మనం చెప్పకపోతే మఠాధిపతుల భక్తులు చెబుతారు. వారు చెప్పేటప్పుడు సగమే చెబుతారు. ఆ తక్కిన సగం చెప్పవలసిన బాధ్యత మనది. ఆ సగంలో మనకు నచ్చని సంగతులు కూడా ఉన్నాయి. అవి సన్యాసులను గురించినవి కావు, మనల్ని గురించినవి.

ముందు జరిగినదేమిటో చూద్దాం.

దెచానీ కొసొవో పడమటి కొసన కొండల పాదాన ఉన్న చిన్న పట్టణం. దానికి దగ్గరలో, బిస్త్రిత్సా ఏటి లోయలో, 14వ శతాబ్దపు సెర్బియన్ ఆర్థొడాక్స్ మఠం ఉన్నది. సెర్బు రాజు స్టెఫాన్ దెచాన్‌స్కీ 1327లో మొదలుపెట్టించగా 1335 నాటికి ఆలయ నిర్మాణం పూర్తి అయింది. కట్టించిన శిల్పి ఫ్రా వీటా ఆర్థొడాక్స్ మతస్థుడు కాడు, అడ్రియాటిక్ తీరాన కొటోర్ పట్టణం నుంచి వచ్చిన కాథలిక్ సన్యాసి. 1998లో సెర్బియా భద్రతాదళాలకూ కొసొవో విమోచన సైన్యానికీ మధ్య పోరు ముదిరినప్పుడు దెచానీ పట్టణం, చుట్టుపక్కల అల్బేనియన్ గ్రామాలు తగలబడ్డాయి. ఆ రోజుల్లో మఠాధిపతిగా ఉన్న తెయోదోసియె, ఆయన సహచరుడు సావా యాన్యిచ్, తక్కిన సన్యాసులు ఉభయ జాతులవారికీ తిండి పంచారు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. తమ జాతి పేరు మీద తమ ప్రభుత్వం చేస్తున్న దౌర్జన్యాలు తప్పని వారు బహిరంగంగా చెప్పారు.

1999 మార్చి 24న నాటో విమానదాడి మొదలై 78 రోజులు సాగింది. ఆ రోజుల్లోనే 8 లక్షలకు పైగా అల్బేనియన్లను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టి సరిహద్దులు దాటించారు. జూన్‌లో సెర్బు దళాలు వెనక్కి మళ్ళుతూ, వాటి వెంట తిరిగే ముఠాలు పోతూ పోతూ కసి తీర్చుకుంటున్న సమయంలో, సుమారు 150 నుంచి 200 మంది అల్బేనియన్లు ఆ మఠం ప్రాకారం లోపల తలదాచుకున్నారు. ఇటాలియన్ సైనికులు వచ్చిన తరువాతనే వారు బయటికి వచ్చారు. ఆపైన కొద్ది రోజులకే కాలం తిరగబడింది. అదే ద్వారం ముందుకు ఈసారి సెర్బులూ, రోమా ప్రజలూ వచ్చి నిలబడ్డారు. తలుపు మళ్ళీ తెరుచుకున్నది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఇది నీతికథ అవుతుంది. మొదటి వాదం చేసిన పెద్దమనిషికి కావలసింది ఇంతే. కాని చరిత్ర ఇక్కడ మొదలు కాలేదు, ఇక్కడ ఆగనూ లేదు.

దెచానీ మఠం పుట్టుకలో పవిత్రత ఎంత ఉన్నదో తెలియదు గాని, భూస్వామ్యం మాత్రం నిండుగా ఉన్నది. 1330 నాటి దానపత్రం రాజు ఆ మఠానికి ఏయే గ్రామాలు, ఏయే అడవులు, ఏయే పచ్చికబయళ్ళు రాసి ఇచ్చాడో వివరిస్తుంది. భూమితో పాటు ఆ భూమి మీది రైతులనూ పశువుల కాపరులనూ పేరుపేరునా రాసి ఇచ్చాడు. ఎవరు మఠానికి ఏ చాకిరీ చెయ్యాలో కూడా అందులో ఉన్నది. మన దేశంలో రాజులు దేవాలయాలకు ఊళ్ళు ధారపోసిన శాసనాలు చదివినవారికి ఆ భాష కొత్త కాదు. దేవుడి పేరు పైన, రైతు వెన్ను కింద. దీన్ని దాచవలసిన పని మనకు లేదు.

అయితే ఆ దానపత్రమే మరొక సంగతి కూడా చెబుతుంది. ఆ జాబితాలలో సెర్బులతో పాటు వ్లాఖులూ అల్బేనియన్లూ ఉన్నారు. తరువాత కొన్ని శతాబ్దాల తురుష్క పరిపాలనలో ఆ మఠాన్ని వంశపారంపర్యంగా కాపాడుతూ వచ్చినవారు స్థానిక అల్బేనియన్ కుటుంబాలవారు. అంటే, ఈ రెండు జాతులు అనాదిగా ఒకరి గొంతు ఒకరు కోసుకుంటున్నాయన్న మాట అబద్ధం. "అది వేయేళ్ళ పగ, మనమేం చెయ్యగలం" అని 1990 తరువాత ఐరోపా రాజకీయవేత్తలు పెదవి విరిచారు. వేయేళ్ళ పగ అనేది చేతులు కడుక్కోవడానికి పనికివచ్చే మంచి సబ్బు. కొసొవోలో పగను తయారుచేసినవారికి పేర్లున్నాయి, తేదీలున్నాయి.

1980 తరువాత యుగోస్లావియా విదేశీ రుణాల ఊబిలో దిగబడింది. 1989లో ధరల పెరుగుదల వెయ్యి శాతం దాటింది. సమాఖ్యలోకెల్లా పేద ప్రాంతం కొసొవో, నిరుద్యోగం అన్నిచోట్ల కంటె అక్కడే ఎక్కువ. 1981లో ప్రిష్టినా విశ్వవిద్యాలయ విద్యార్థులు వీధికెక్కింది ఆ పరిస్థితుల్లోనే. కడుపు మండినవాడు "ఎవరు కారణం?" అని అడుగుతాడు. దానికి సరియైన సమాధానం చెప్పవలసిన వారెవరు? కమ్యూనిస్టులు. ఏమని చెప్పారు? సెర్బియా కమ్యూనిస్టుల నాయకుడు స్లొబొదాన్ మిలోషెవిచ్ 1987 ఏప్రిల్‌లో కొసొవో పోల్యె వెళ్ళి అక్కడి సెర్బుల ఆవేదనను తన గద్దెకు మెట్టుగా చేసుకున్నాడు. 1989 మార్చిలో, 1974 రాజ్యాంగం కొసొవోకు ఇచ్చిన స్వపరిపాలనను కుదించివేశాడు. అదే సంవత్సరం జూన్ 28న, 1389 నాటి యుద్ధానికి 600 ఏళ్ళు నిండాయని గాజిమెస్తాన్ మైదానంలో లక్షల మందిని పోగుచేసి ప్రసంగించాడు. 1990లో తన పార్టీకి సోషలిస్టు పార్టీ అని పేరు పెట్టుకున్నాడు. పేరు సోషలిజానిది, పని జాతి దురహంకారానిది.

దీనికి అడ్డు నిలబడినదెవరు? 1989 ఫిబ్రవరిలో ట్రెప్చా గనుల అల్బేనియన్ కార్మికులు గని అడుగున, నేల కింద, 8 రోజులు సమ్మె చేశారు. వారు అడిగింది వేరు రాజ్యం కాదు, ఉన్న రాజ్యాంగాన్ని నిలబెట్టమని. అంతకుముందు 1988 నవంబరులో వారు టీటో పటాలు పట్టుకొని కాలినడకన ప్రిష్టినాకు వచ్చారు. సోషలిజం పేరుతో నడుస్తున్న రాజ్యంలో గని కార్మికులు సోషలిస్టు రాజ్యాంగం కోసం సమ్మె చేస్తే, కమ్యూనిస్టు నాయకత్వం వారిని విచ్ఛిన్నకారులంది. ఆ తరువాత రెండు మూడేళ్ళలో లక్ష మందికి పైగా అల్బేనియన్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1991లో విశ్వవిద్యాలయం నుంచి అల్బేనియన్ అధ్యాపకులనూ విద్యార్థులనూ బయటికి నెట్టారు. మిత్రులారా, జాతి పేరు అడిగి తలుపు మూసిన మొదటివాడు సన్యాసి కాడు. మన జెండా పట్టుకున్నవాడు.

ఇంకా దగ్గరకు వద్దాం. ఇది రచయితల సంఘం పత్రిక గనుక ఇంకో మాట చెప్పక తప్పదు. ఆ విషాన్ని కాచింది పోలీసు ఠాణాల్లో కాదు, రచయితల బల్లల మీద. సెర్బియా విజ్ఞాన, కళా పరిషత్తులో మేధావులు తయారుచేసిన ముసాయిదా పత్రం 1986 సెప్టెంబరులో పత్రికలకెక్కింది. తమ జాతి అన్యాయమైపోతున్నదన్న ఏడుపుకు పండిత భాష తొడిగిన పత్రం అది. యౌవనంలో ఫాసిస్టు వ్యతిరేక గెరిల్లాలతో నడిచిన నవలాకారుడు దోబ్రిత్సా చొసిచ్ ఆ భావాలకే పెద్ద దిక్కై, 1992లో యుగోస్లావియా అధ్యక్షుడయ్యాడు. బోస్నియాలో మారణకాండకు నాయకుడై, హేగ్ న్యాయస్థానంలో 2016లో శిక్షపడి, 2019లో యావజ్జీవం పొందిన రదొవాన్ కరాజిచ్ కవి. కవిత్వం చదివినంత మాత్రాన మనిషి మంచివాడవుతాడని మనం తరగతి గదుల్లో చెబుతూ ఉంటాం. ఆ మాట చెప్పేముందు కాస్త ఆగవలసి ఉన్నది.

ఇప్పుడు మొదటి వాదానికి వస్తాను. ఆధ్యాత్మికత తలుపు తీసిందంటారు. సరే, అదే ఆధ్యాత్మికత అదే కాలంలో ఇంకా ఏమేమి చేసిందో చూడండి. 1988, 1989 సంవత్సరాల్లో, 1389 యుద్ధంలో మరణించిన లాజార్ ప్రభువు అస్థికలను అదే ఆర్థొడాక్స్ చర్చి ఊరూరా ఊరేగించింది. గాజిమెస్తాన్ సభకు నేల చదును చేసినవాటిలో ఆ ఊరేగింపు ఒకటి. 2005 జూన్‌లో హేగ్ న్యాయస్థానంలో ఒక చిత్రం చూపించారు. అందులో "స్కార్పియన్లు" అనే సెర్బు సాయుధ ముఠాను ఒక ఆర్థొడాక్స్ మతాచార్యుడు ఆశీర్వదిస్తాడు. ఆ ముఠాయే 1995 జులైలో స్రెబ్రెనిత్సా నుంచి పట్టుకొచ్చిన ఆరుగురు ముస్లింలను కాల్చిచంపడం ఆ చిత్రంలోనే కనిపిస్తుంది. దెచానీ సన్యాసులు చదివే గ్రంథం, ఆ ఆచార్యుడు చదివే గ్రంథం ఒకటే. గ్రంథమే తలుపు తీసిందనుకుంటే, ఇక్కడ తుపాకిని ఆశీర్వదించింది కూడా గ్రంథమే కావాలి.

ఇది ఒక్క ఆర్థొడాక్స్ చర్చి గొడవ అనుకునేవారికి మరొక ఖండం నుంచి ఉదాహరణ. 1994లో రువాండాలో టుట్సీల సంహారం జరిగినప్పుడు, దక్షిణాన సోవు అనే చోట బెనెడిక్టైన్ సన్యాసినుల మఠం చుట్టూ వేల మంది ప్రాణాలు అరచేత పెట్టుకొని చేరారు. వారిని హంతకుల పాలు చేయడంలో పాత్ర ఉన్నదని ఆ మఠానికి చెందిన ఇద్దరు సన్యాసినులకు 2001లో బ్రస్సెల్స్ న్యాయస్థానం 15 ఏళ్ళు, 12 ఏళ్ళు శిక్ష వేసింది. అదీ మఠమే. అక్కడా ప్రార్థన జరిగింది. కాషాయమో, నల్ల అంగీయో, మెడలో శిలువో తలుపు తీయదు.

మరి ఏది తీసింది? ఇక్కడ మన మిత్రులు, "చూశారా, ఇది కేవలం వ్యక్తుల మంచితనం, చరిత్రకు దీనితో పని లేదు" అని లేస్తారు. అంత తొందరపడవద్దు. దెచానీ సన్యాసులు చేసిన పనిని జాలి అని కొట్టివెయ్యడం తేలిక. జాలిపడడానికి రాజకీయం అక్కరలేదు. కాని వారు కాపాడింది ఎవరిని? తమ జాతి సైన్యం తరుముతున్నవారిని. ఆ పని తమ వారి మొహం మీదనే చెయ్యాలి. జాతిద్రోహులన్న నింద మొయ్యాలి. ఎదుటి జాతి దుర్మార్గాన్ని ఖండించడానికి ధైర్యం అక్కరలేదు, దానికి మన వీధిలో చప్పట్లు దొరుకుతాయి. బలమున్న జాతిలో పుట్టినవాడు ముందుగా తన జాతి చేతిని పట్టుకొని ఆపాలి. ఇది మనకు కొత్త సూత్రమా? పీడక జాతి జాతీయవాదమూ పీడిత జాతి జాతీయవాదమూ ఒకటి కావని, మొదటిదానితోనే ముందు పోరాడాలని 1922 డిసెంబరులో మంచం పట్టి ఉండి కూడా లెనిన్ చెప్పి రాయించాడు. దాన్ని మనం అంతర్జాతీయత అని పరీక్ష పత్రాల్లో రాయిస్తాం. ఆ పేరు వినకుండానే ఇరవై మంది సన్యాసులు దాన్ని ఆచరించారు. పేరు తెలిసి, పాఠం చెప్పినవారు గాజిమెస్తాన్ సభకు బస్సులు కట్టించారు. సిగ్గుపడవలసినవారెవరు?

అట్లాగని తలుపు తీయడం సన్యాసుల సొత్తు అని కూడా అనుకోరాదు. 1991 తరువాత బడుల నుంచి వెళ్ళగొట్టిన అల్బేనియన్ పిల్లలకు మామూలు సంసారులు తమ ఇళ్ళు ఇచ్చారు. ముందుగదిలో తరగతి, వంటింట్లో తరగతి. జీతం సరిగా లేని ఉపాధ్యాయులు ఏళ్ళ తరబడి అక్కడే పాఠం చెప్పారు. బెల్‌గ్రేడ్‌లో 1991 అక్టోబరు నుంచి నల్లదుస్తులు ధరించిన స్త్రీలు వీధిలో నిలబడి తమ ప్రభుత్వ యుద్ధాన్ని వ్యతిరేకించారు. ఆ నగరానికి మేయరుగా పనిచేసిన వాస్తుశిల్పి బొగ్దాన్ బొగ్దానొవిచ్, నాజీలతో పోరాడిన పాత కమ్యూనిస్టు, మిలోషెవిచ్ దారిని 1987లోనే ఎదిరించి పార్టీకి దూరమయ్యాడు. వీరిలో ఎవరికీ జపమాల లేదు. వీరంతా మనవారే. మఠం కథ చెప్పేవారు వీరిని చెప్పరు. మఠం కథ చెప్పడానికి భయపడే మనమూ వీరిని చెప్పలేదు. అదీ మన నష్టం.

ఇక ఆ తలుపుకు ఉన్న హద్దు. లోపల 200 మంది, బయట 8 లక్షల మంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసినవారెవరూ కరుణ ఒక్కటే చాలునని అనలేరు. మఠం ప్రాణం నిలిపింది గాని పోయిన ఉద్యోగం ఇవ్వలేదు, మూసిన విశ్వవిద్యాలయం తెరవలేదు. అది చెయ్యవలసినది రాజకీయం. ఆ రాజకీయం తప్పిన చోట విజయం కూడా విషమయింది. 1999 జూన్ తరువాత పీడిత జాతి చేతికి బలం వచ్చింది. 2 లక్షల వరకు సెర్బులూ రోమాలూ ఊళ్ళు వదిలి కాందిశీకులయ్యారు. మిట్రోవిట్సాలో సుమారు 8,000 మంది నివసించే రోమా పేటను తగలబెట్టారు. ఆ నిరుపేదల్లో కొన్ని వందల మందిని ఐక్యరాజ్యసమితి పరిపాలన ట్రెప్చా గనుల సీసపు విషం పేరుకున్న నేల పక్కన శిబిరాల్లో ఏళ్ళ తరబడి ఉంచింది. ఒకప్పుడు కార్మికులు రాజ్యాంగం కోసం సమ్మె చేసిన ఆ గనులే పసిపిల్లల రక్తంలో విషమయ్యాయి. 2004 మార్చి అల్లర్లలో 19 మంది చనిపోయారు, సుమారు 4,000 మంది ఇళ్ళు వదిలారు. అల్బేనియన్లకు ఆశ్రయమిచ్చిన దెచానీ మఠం మీద కూడా మోర్టారు గుండ్లు పడ్డాయి. ఆ ఏడాదే యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2006లో అపాయంలో ఉన్నవాటి జాబితాకు మార్చింది. విమానాల నుంచి బాంబులు వేసి శాంతిని దింపుతామన్నవారు, చివరకు ఒక మఠం గోడకు విదేశీ సైనికులను కాపలా పెట్టవలసి వచ్చింది.

ఆ మఠం భూముల తగాదా కూడా చూడండి. 1946 తరువాత కొత్త ప్రభుత్వం మఠం భూములను జాతీయం చేసింది. భూస్వామి భూమి తీసుకోవడం న్యాయమే. 1997లో మిలోషెవిచ్ ప్రభుత్వం వాటిలో కొంత తిరిగి ఇచ్చింది. 1999 తరువాత 24 హెక్టార్ల మీద స్థానిక పురపాలక సంఘంతోనూ, వెనుకటి సామాజిక సంస్థలు రెండింటితోనూ వ్యాజ్యం నడిచింది. కొసొవో రాజ్యాంగ న్యాయస్థానం 2016లో మఠం పక్షాన తీర్పు చెప్పింది. తీర్పు అమలుకు ఎనిమిదేళ్ళు పట్టింది. 2024 మార్చిలో గాని ఆ భూమి మఠం పేర నమోదు కాలేదు. మన మిత్రులు ఇక్కడ, "దున్నేవానికే భూమి" అని అడ్డం వస్తారేమో. ఆ 24 హెక్టార్ల మీద హక్కు అడిగినవారిలో దున్నేవాడు లేడు. అది రైతుకూ భూస్వామికీ మధ్య పోరాటం కాదు, ఏ జాతి పేరు దస్త్రంలో ఉండాలన్న తగాదా. మన నినాదం ఎక్కడైనా అతుకుతుందని అతికించరాదు.

కాబట్టి గోష్ఠిలో ఆ విద్యార్థిని చెప్పిన సంగతి మతానికి ఊడిగం కాదు. అది మనకు వేసిన ప్రశ్న. ప్రాణభయంతో పరుగెత్తుతున్న మనిషికి ఒక మఠం గుర్తుకు వచ్చింది. పార్టీ కార్యాలయం ఎందుకు గుర్తుకు రాలేదు? కార్మిక సంఘం భవనం ఎందుకు గుర్తుకు రాలేదు? రచయితల సంఘం గది ఎందుకు గుర్తుకు రాలేదు? అవన్నీ ఆ నేల మీద 40 ఏళ్ళకు పైగా ఉన్నవే. గుర్తుకు రాకపోవడానికి కారణం, పదేళ్ళ ముందు నుంచే అవి లోపలికి వచ్చేవాని పేరు చూసి జాతి నిర్ణయించడం నేర్చుకున్నాయి.

పేరును బట్టి మనిషిని గుర్తుపట్టే అలవాటు మన వసతిగృహాల్లో, మన అధ్యాపక సంఘాల్లో, మన అద్దె ఇళ్ళ వీధుల్లో లేదని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పగలరా? దెచానీని గురించి తదుపరి గోష్ఠి పెట్టేవారికి నాదొక మనవి. సన్యాసులు గొప్పవారా కారా అన్న చర్చ పక్కన పెట్టండి. రేపు మన ఊళ్ళో గొడవ లేస్తే, మన సంఘం గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరికోసం తీస్తాం, మన వాళ్ళే వచ్చి మూయమంటే ఏం చెబుతాం అన్నది ముందే తేల్చుకోండి. తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, ఆ కాగితం గది తలుపు మీదనే అంటించండి.